ఆరు ఫైనల్స్ ఓడిన జిమ్మీ వైట్ ఆట చూడ్డానికి షెఫీల్డ్ వెళ్ళాను: నా అనుభవం

కర్రతో బంతుల్ని కొట్టి టేబుల్ జేబుల్లో వేసే ఆట స్నూకర్. దాని ప్రపంచ చాంపియన్‌షిప్‌కి టికెట్ సంపాదించడం ఎంత కష్టమో ఇంగ్లండ్ వచ్చాకే నాకు తెలిసింది. 1977 నుంచి ఈ పోటీ షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లోనే జరుగుతోంది. అది నాటకాల కోసం కట్టిన హాలు. మొత్తం సీట్లు వెయ్యికి లోపే. ఒక ఏడాది పోటీ నడుస్తుండగానే మరుసటి ఏడాది టికెట్లు అమ్మకానికి పెడతారు. సెమీఫైనల్, ఫైనల్ టికెట్లు ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు అయిపోయాయో తెలియనంత వేగంగా పోతాయి. తొలి రౌండ్లకి కాస్త ఓపిక పడితే దొరుకుతాయి. కానీ ఆ రౌండ్లలో హాల్లో రెండు టేబుళ్ళు వేసి మధ్యలో అడ్డు పెడతారు. మన సీటు ఏ వైపు ఉంటే ఎక్కువగా ఆ టేబుల్ ఆటే కనిపిస్తుంది. ఆ రోజు ఆ టేబుల్ మీద ఎవరు ఆడతారో మాత్రం కొనే సమయానికి ఎవరికీ తెలియదు.

నాకు ఇంకో చిక్కు కూడా ఉంది. నేను చూడాలనుకున్న ఆటగాడు జిమ్మీ వైట్. ఆయన ఆ పోటీ ప్రధాన డ్రాలో చివరిసారి ఆడింది 2006లో. అంటే ఎంత డబ్బు పెట్టి ఎంత ముందుగా టికెట్ కొన్నా అక్కడ ఆయన కనిపించడు. ఆయన ఆట కళ్ళారా చూడాలంటే రెండే దారులు ఉన్నాయని కొంతకాలం వెతికాక అర్థమైంది. ఒకటి, ఏప్రిల్‌లో షెఫీల్డ్‌లోనే వేరే చోట జరిగే క్వాలిఫయింగ్ పోటీలు. రెండోది, అసలు చాంపియన్‌షిప్ ముగిశాక మే నెలలో క్రూసిబుల్‌లో జరిగే సీనియర్స్ ప్రపంచ చాంపియన్‌షిప్. నేను రెండూ చూశాను. ఎలా వెళ్ళాలి, ఏం చూడాలి అని మిత్రులు అడుగుతుంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. జిమ్మీ వైట్ ఎవరో తెలియనివాళ్ళ కోసం ఆయన కథ కూడా చెబుతాను. ఆ కథ తెలియకుండా ఆ హాల్లో కూర్చుంటే చప్పట్లు ఎందుకు కొడుతున్నారో అర్థం కాదు.

ముందు క్వాలిఫయర్స్ సంగతి. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆడేది 32 మంది. అందులో ర్యాంకింగ్‌లో పైనున్న 16 మందికి నేరుగా చోటు దొరుకుతుంది. మిగతా 16 చోట్ల కోసం వంద మందికి పైగా కొట్లాడతారు. నేను వెళ్ళినప్పుడు ఆ ఆటలు షెఫీల్డ్ ఊరి చివర ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లో జరిగాయి. సిటీ సెంటర్‌లో ట్రామ్ ఎక్కితే కాసేపట్లో దింపుతుంది. క్రూసిబుల్‌లాంటి హంగు అక్కడ ఏమీ ఉండదు. పెద్ద ఇండోర్ క్రీడా మందిరంలో టేబుళ్ళు వరుసగా వేసి, మధ్యలో అడ్డుతెరలు పెట్టారు. ఒక్కో టేబుల్ పక్కన కొద్ది వరుసల సీట్లు. టికెట్ ధర తక్కువ. ఇక్కడ గెలిస్తే క్రూసిబుల్, ఓడితే ఆ ఏడాదికి అంతే. ఆటగాళ్ళ ముఖాల్లో ఆ టెన్షన్ దగ్గర్నుంచి కనిపిస్తుంది. నిజమైన ఆట చూడాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం.

ఆ రోజు మిగతా టేబుళ్ళ దగ్గర జనం పలచగా ఉన్నారు. టీవీలో తరచూ కనిపించే ఆటగాళ్ళ దగ్గర కూడా సగం సీట్లు ఖాళీ. జిమ్మీ ఆడే టేబుల్ దగ్గర మాత్రం ఆట మొదలవడానికి చాలా ముందే సీట్లు నిండిపోయాయి. నిలబడి చూస్తున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆయనకి అప్పటికి 60 దాటాయి. ఎదురుగా ఆడుతున్న కుర్రాడు ఆయన మనవడి వయసువాడు. జిమ్మీ ఒక లాంగ్ పాట్ (దూరం నుంచి బంతిని జేబులో వేసే షాట్) వేయగానే పక్క టేబుళ్ళ దగ్గర ఆడుతున్నవాళ్ళు తల తిప్పి చూసేంత చప్పుడు. రిఫరీ నెమ్మదిగా చేయి ఎత్తి సద్దు మణిగేలా చేయాల్సి వచ్చింది. ఆ రోజు జిమ్మీ ఓడిపోయాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బయటికి వెళ్తూ ఆగి, అడిగినవాళ్ళందరితో ఫొటోలు దిగాడు. గెలిచిన కుర్రాడు పక్కనుంచి నిశ్శబ్దంగా వెళ్ళిపోయాడు.

ఇంత ప్రేమ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే టూటింగ్ దాకా వెళ్ళాలి. దక్షిణ లండన్‌లోని టూటింగ్ అంటే ఇప్పుడు మనవాళ్ళకి దోసెలు, దక్షిణాది హోటళ్ళు గుర్తుకొస్తాయి. జిమ్మీ 1962 మే 2న పుట్టి, పెరిగింది ఆ పేటలోనే. బడికి ఎగనామం పెట్టి అక్కడి స్నూకర్ హాల్లో కూర్చునేవాడు. ఎడమచేతి వాటం. పందేలకి ఆడేవాడు. 1979లో, ఇంకా 17 నిండకుండానే ఇంగ్లిష్ అమెచ్యూర్ చాంపియన్. 1980లో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో ప్రపంచ అమెచ్యూర్ టైటిల్. అప్పటికి ఆయన వయసు 18. అదే ఏడాది ప్రొఫెషనల్‌గా మారాడు. ఆటలో వేగం చూసి జనం ఆయనకి ‘వర్ల్‌విండ్’, అంటే సుడిగాలి, అని పేరు పెట్టారు.

ఆ పేరు ఊరికే రాలేదు. 1980లలో బ్రిటన్‌లో స్నూకర్ అంటే టీవీలో కోట్లమంది చూసే ఆట. 1985 ఫైనల్లో డెనిస్ టేలర్, స్టీవ్ డేవిస్ చివరి ఫ్రేమ్ (టెన్నిస్‌లో సెట్ లాంటిది) చివరి నల్ల బంతి దాకా ఆడితే, అర్ధరాత్రి దాటాక కూడా 1 కోటి 85 లక్షల మంది టీవీల ముందు మేలుకుని ఉన్నారు. ఆ కాలంలో అందరికంటే ఎక్కువ గెలిచింది డేవిస్. ఆయన ఆటలో పొరపాటు ఉండదు, తొందర ఉండదు. అవకాశం లేకపోతే తెల్ల బంతిని తీసుకెళ్ళి అవతలి కుషన్‌కి ఆనించి, ఎదుటివాడిని ఇరకాటంలో పెట్టి కూర్చుంటాడు. జిమ్మీ అలా కాదు. బంతి జేబులో పడే దారి కాస్త కనబడితే చాలు, కొడతాడు. తెల్ల బంతి ఎర్ర బంతిని తాకి, అంత పొడవు టేబుల్ మీద వెనక్కి తిరిగి వచ్చే స్క్రూ షాట్ ఆయన ఆడినట్టు ఆ రోజుల్లో ఇంకెవరూ ఆడలేదు. టేబుల్ పొడవు 12 అడుగులు అని గుర్తుపెట్టుకుంటే అది ఎంత కష్టమో తెలుస్తుంది.

1982 సెమీఫైనల్లోనే ఆయనకి తొలి దెబ్బ తగిలింది. ఎదురుగా అలెక్స్ హిగ్గిన్స్. జిమ్మీ 15-14తో ముందున్నాడు. ఇంకొక్క ఫ్రేమ్ గెలిస్తే ఫైనల్. ఆ ఫ్రేమ్‌లో 59-0తో ఆధిక్యంలో ఉన్నాడు. హిగ్గిన్స్ అక్కడినుంచి 69 పాయింట్ల బ్రేక్ (మధ్యలో ఒక్క బంతీ తప్పకుండా వరుసగా చేసిన స్కోరు) కొట్టి ఆ ఫ్రేమ్ లాక్కున్నాడు. తర్వాతి ఫ్రేమ్, టైటిల్ కూడా ఆయనవే అయ్యాయి. స్నూకర్ చరిత్రలో గొప్ప బ్రేకుల జాబితా ఎవరు రాసినా ఆ 69 అందులో ఉంటుంది. అవతల కుర్చీలో కూర్చుని దాన్ని చూడాల్సి వచ్చినవాడికి అప్పుడు 20 ఏళ్ళు.

ఆ తర్వాత ఆరు ఫైనల్స్. 1984లో స్టీవ్ డేవిస్‌తో మొదటి రోజు ముగిసేసరికి 4-12తో వెనుకబడ్డాడు. అందరూ అయిపోయిందనుకున్నారు. రెండో రోజు ఎదురు తిరిగి, ఆటని 16-18 దాకా తెచ్చి ఓడాడు. 1990లో సెమీస్‌లో అదే డేవిస్‌ని ఓడించి ఫైనల్‌కి వస్తే, 21 ఏళ్ళ స్టీఫెన్ హెండ్రీ 18-12తో గెలిచి తన తొలి టైటిల్ అందుకున్నాడు. 1991లో జాన్ పారట్ మొదటి ఏడు ఫ్రేములూ వరుసగా గెలిచి, 18-11తో ముగించాడు. 1993లో మళ్ళీ హెండ్రీ, 18-5. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

1992 గురించి మాత్రం ఆగి చెప్పాలి. ఆ ఏడాది మొదటి రౌండ్లో టోనీ డ్రాగో మీద జిమ్మీ 147 కొట్టాడు. 15 ఎర్ర బంతులు, ప్రతి ఎర్ర బంతికీ నల్ల బంతి, తర్వాత రంగు బంతులన్నీ వరుసగా. మామూలు లెక్కలో ఒక్క బ్రేక్‌లో అంతకంటే ఎక్కువ కొట్టలేరు. క్రూసిబుల్‌లో అది రెండో 147 మాత్రమే. మొదటిది 1983లో క్లిఫ్ థోర్బర్న్‌ది. అలాంటి ఊపులో ఫైనల్‌కి వచ్చి, హెండ్రీ మీద 14-8తో ముందుకి వెళ్ళాడు. 18 గెలిస్తే కప్పు. అంటే ఇంకో నాలుగు ఫ్రేములు. ఆ తర్వాత హెండ్రీ వరుసగా పది ఫ్రేములు గెలిచాడు. జిమ్మీకి ఒక్కటీ దక్కలేదు. 14-18. ఆ వీడియో నేను ముక్కలు ముక్కలుగానే చూడగలిగాను, ఏకబిగిన చూడలేకపోయాను. ఓడిపోతున్నవాడు చెత్తగా ఆడితే చూడ్డం తేలిక. జిమ్మీ చెత్తగా ఆడలేదు. అవకాశాలు రాలేదు, వచ్చినప్పుడు ఒకటి రెండు బంతులు జేబు అంచున తగిలి బయటికి వచ్చాయి. హెండ్రీ మాత్రం తప్పు చేయలేదు.

1994 ఫైనల్ చివరి రోజు మే 2. జిమ్మీ 32వ పుట్టినరోజు. హెండ్రీ ఆ పోటీ మధ్యలో స్నానాల గదిలో జారిపడి చేతి ఎముక చిట్లినా ఆడుతున్నాడు. స్కోరు 17-17. చివరి ఫ్రేమ్. జిమ్మీ ముందంజలో ఉన్నాడు, బంతులు చక్కగా పరుచుకుని ఉన్నాయి. తన చోట ఉన్న నల్ల బంతిని జేబులో వేయాలి. ఆయన జీవితంలో వేలసార్లు వేసిన పాట్ అది. తప్పిపోయింది. హెండ్రీ లేచి వచ్చి 58 పాయింట్ల బ్రేక్‌తో ఆట ముగించాడు. మైకు ముందుకి వచ్చిన జిమ్మీ నవ్వుతూ, ఇతను నాకు చిరాకు తెప్పించడం మొదలుపెట్టాడు అన్నాడు. అంతే. ఒక్క సాకు చెప్పలేదు. చేయి నొప్పితో ఆడిన హెండ్రీని ఒక్క మాట తగ్గించి మాట్లాడలేదు. ఆ మాట తర్వాత కూడా ఇంగ్లండ్ జనం ఆయన్ని ప్రేమించకపోతేనే ఆశ్చర్యపోవాలి.

మళ్ళీ ఫైనల్‌కి రాలేదు. మరుసటి ఏడాది, 1995లో, క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకున్నాడు. తాగుడు, జూదం, మత్తుమందుల గురించి తర్వాత ఆయనే తన ఆత్మకథలో దాచకుండా చెప్పుకున్నాడు. వాటివల్లే కప్పు పోయిందనేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు అలా అనిపించదు. ఆ అలవాట్లు ఆయనకి చాలా నష్టం చేశాయి, అందులో సందేహం లేదు. కానీ ఆరు ఫైనల్స్‌లో నాలుగు హెండ్రీ మీద. 1990లలో ఏడు ప్రపంచ టైటిళ్ళు గెలిచిన మనిషి ఆయన. ఆ దశాబ్దంలో ఆడిన ఏ ఆటగాడైనా, ఎంత క్రమశిక్షణగా ఉన్నా, హెండ్రీ ఎదురుపడితే ఓడేవాడే. జిమ్మీ గెలవనివాడు కూడా కాదు. 1984లో మాస్టర్స్, 1992లో యూకే చాంపియన్‌షిప్ గెలిచాడు. మొత్తం పది ర్యాంకింగ్ టైటిళ్ళు ఉన్నాయి. 1998లో క్రూసిబుల్ మొదటి రౌండ్లోనే హెండ్రీని 10-4తో ఓడించాడు. 2004లో, 42కి దగ్గరపడుతున్న వయసులో, గ్లాస్గోలో పాల్ హంటర్‌ని ఓడించి ర్యాంకింగ్ టైటిల్ గెలిచాడు.

ఈ కథంతా మా బావగారికి రైల్లో చెప్పాను. 2023 వేసవిలో అక్క, బావగారు కాకినాడ నుంచి మా ఇంటికి లీడ్స్ వచ్చారు. నేను సీనియర్స్ ఫైనల్‌కి అప్పటికే రెండు టికెట్లు కొని పెట్టుకున్నాను. మే 7, ఆదివారం. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫైనల్ టికెట్ కొనే రోజుకి ఫైనల్లో ఎవరుంటారో తెలియదు. జిమ్మీ మధ్యలో ఓడిపోతే ఇంకెవరిదో ఆట చూసి రావాలి. అందుకే ఆ వారమంతా ఆఫీసులో పని చేస్తూ ఫోన్లో స్కోర్లు చూస్తూ కూర్చున్నాను. ఆయన సెమీస్ గెలిచాడని తెలియగానే వంటింట్లోకి వెళ్ళి అక్కకి చెప్పాను. ఆవిడ పాపం ఎవరని కూడా అడక్కుండా సంతోషించింది.

సీనియర్స్ పోటీకి టికెట్ దొరకడం అసలు చాంపియన్‌షిప్ అంత కష్టం కాదు, ధర కూడా బాగా తక్కువ. మనకి దొరికే సీట్లు కూడా మంచివి. ఈ పోటీలో ఆడేది 40 దాటినవాళ్ళు. ఫైనల్ బెస్ట్ ఆఫ్ 9, అంటే ముందు ఐదు ఫ్రేములు గెలిచినవాడిది కప్పు. 35 ఫ్రేముల పెద్ద ఫైనల్ లాగా రెండు రోజులు సాగదు. ఒక్క సిట్టింగ్‌లో తేలిపోతుంది. ఆట కొత్తగా చూసేవాళ్ళని తీసుకెళ్ళడానికి ఇదే సరైన పోటీ. బావగారిని తీసుకెళ్ళడంలో నా ఉద్దేశం కూడా అదే.

లీడ్స్ నుంచి షెఫీల్డ్‌కి రైల్లో గంట లోపే. స్టేషన్ బయటికి రాగానే పెద్ద ఉక్కు గోడ మీదుగా నీళ్ళు జారుతూ ఉంటాయి. ఉక్కు తయారీతో పెరిగిన ఊరు కదా. అక్కడినుంచి ఎత్తు ఎక్కుతూ యూనివర్సిటీ పక్కగా పది నిమిషాలు నడిస్తే వింటర్ గార్డెన్ అనే అద్దాల తోట వస్తుంది. దానిలోంచి అటు బయటికి వస్తే ట్యూడర్ స్క్వేర్, ఎదురుగా క్రూసిబుల్. ముందురోజే లండన్‌లో రాజు చార్లెస్ పట్టాభిషేకం జరిగింది. ఊళ్ళో దుకాణాలకి కట్టిన జెండాల తోరణాలు ఇంకా అలాగే ఉన్నాయి. బావగారు వాటిని ఫొటో తీసుకుంటూ, ‘రాజుగారి కోసమా, మీ జిమ్మీ కోసమా బావా?’ అన్నారు.

లోపలికి వెళ్ళాక తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గుమ్మం దగ్గర బ్యాగులు చూస్తారు. పెద్ద బ్యాగు తీసుకెళ్ళకండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం కాదు, పూర్తిగా ఆపేయడం మంచిది. ఫ్రేమ్ మధ్యలో లేవకూడదు. మధ్యలో బయటికి వెళ్తే, ఆ ఫ్రేమ్ అయ్యేదాకా గుమ్మం దగ్గరున్నవాళ్ళు తిరిగి లోపలికి పంపరు. ఒక్కో ఫ్రేమ్ అరగంట దాటవచ్చు. కామెంటరీ వినడానికి చెవికి పెట్టుకునే చిన్న రేడియో అమ్ముతారు. కొత్తవాళ్ళకి అది చాలా ఉపయోగం. ఏ షాట్ ఎందుకు కష్టమో, ఎందుకు ఎర్ర బంతి వదిలేసి సేఫ్టీ (ఎదుటివాడికి అవకాశం దొరకకుండా ఆడే షాట్) ఆడుతున్నాడో కామెంటేటర్లే చెబుతారు. బావగారికి ఒకటి కొనిచ్చాను. నేను తీసుకోలేదు. హాల్లో ఆట చప్పుళ్ళే వినాలని నా పట్టుదల.

క్రూసిబుల్ హాలు టీవీలో చూసినదానికంటే చాలా చిన్నది. ఆట జరిగే చోటుకి మూడు వైపులా సీట్లు, నిటారుగా పైకి లేచినట్టు ఉంటాయి. చివరి వరుసలో కూర్చున్నా ఆటగాడి ముఖం కనిపిస్తుంది. ముందు వరుసవాళ్ళ మోకాళ్ళకి, ఆటగాడి కుర్చీకి మధ్య దూరం కొన్ని అడుగులే. క్యూ (ఆడే కర్ర) కొనకి చాక్ రాసే గరగర వినిపిస్తుంది. అక్కడ ఓడిపోతున్నవాడు ఎక్కడికీ పోలేడు, తల దాచుకోలేడు. టీవీలో 1992 ఫైనల్ చూసినప్పుడు నాకు ఈ సంగతి తెలియలేదు. వరుసగా పది ఫ్రేములు పోతుంటే ఆ కుర్చీలో, ఇంత దగ్గరగా ఉన్న జనం మధ్య కూర్చోవడం అంటే ఏమిటో ఆ హాల్లో అడుగు పెట్టాకే తెలిసింది.

జిమ్మీ పేరు పిలిచి లోపలికి రాగానే హాలంతా లేచింది. ఎక్కువమంది ఆయన వయసువాళ్ళే. 1980లలో కుర్రాళ్ళుగా టీవీలో చూసినవాళ్ళు. నా పక్క సీట్లో ఉన్న పెద్దాయన రాదరమ్ నుంచి వచ్చారట. 1994 ఫైనల్ రోజు తను ఏ గదిలో, ఏ కుర్చీలో కూర్చుని చూశాడో నాకు చెప్పారు. తన భార్య ఆ నల్ల బంతి తప్పినప్పుడు టీవీ ఆపేసి బయటికి వెళ్ళిపోయిందట. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఆయన దాన్ని తన ఇంట్లో జరిగిన సంగతిలాగే చెబుతున్నారు.

ఎదురుగా ఆల్ఫీ బర్డెన్. 46 ఏళ్ళు. ఎన్నో ఏళ్ళు ప్రొఫెషనల్ టూర్‌లో ఆడినవాడు. కాబట్టి ఏదో సరదాకి పెట్టిన పోటీ అనుకోవద్దు. జిమ్మీకి అంతకు ఐదు రోజుల ముందే 61 నిండాయి. నడకలో వయసు కనిపించింది. కొన్ని షాట్లకి టేబుల్ మీదికి బాగా వంగాల్సి వచ్చినప్పుడు కాస్త సమయం తీసుకున్నాడు. కానీ క్యూ కదిలే తీరు మాత్రం మారలేదు. నిదానంగా వెనక్కి లాగి, సాఫీగా ముందుకి తోస్తాడు. బంతి తాకిన చప్పుడు మెత్తగా ఉంటుంది. అదే బంతి అంత వేగంగా వెళ్ళి జేబులో పడుతుంది. ఒకటి రెండు సార్లు తెల్ల బంతి ఎర్ర బంతిని కొట్టి వెనక్కి వచ్చి నల్ల బంతి దగ్గర సరిగ్గా ఆగినప్పుడు, బావగారు రేడియో తీసేసి నా మోచేయి పట్టుకున్నారు. ఆయనకి ఆట రూల్స్ అప్పటికి గంట క్రితమే తెలిశాయి.

మధ్య విరామంలో బావగారు అడిగారు. ‘ఆరుసార్లు ఫైనల్లో ఓడాడంటున్నావు కదా. గెలిచినవాళ్ళకి కూడా ఇంత గోల ఉండదు. జాలి పడుతున్నారా వీళ్ళు?’

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. జాలి అనే సమాధానం చాలామంది చెబుతారు. నేను దాన్ని ఒప్పుకోను. ఓడిపోవడం వల్లే ప్రేమ వచ్చేదైతే, మాథ్యూ స్టీవెన్స్ రెండుసార్లు ప్రపంచ ఫైనల్ ఓడాడు. అలీ కార్టర్ కూడా రెండుసార్లు ఓడాడు, రెండుసార్లూ రానీ ఓసలివన్ చేతిలోనే. వాళ్ళిద్దరూ చాలా మంచి ఆటగాళ్ళు. వాళ్ళ కోసం ఊళ్ళు దాటి ఇంతమంది రారు. జిమ్మీ కోసం జనం వచ్చేది ఆయన ఎలా ఓడాడో చూశారు కాబట్టి. ఎంత పెద్ద ఆటలోనూ ఆయన ఆట మార్చుకోలేదు. 17-17 దగ్గర కూడా సేఫ్టీల వెనక దాక్కోలేదు. బంతి కనబడితే వేశాడు. ఆ ఆటని జనం వాళ్ళ ఆటగా చూసుకున్నారు. క్లబ్బులో శనివారం రాత్రి ఆడే మామూలు మనిషికి సేఫ్టీ ఆట రాదు. లాంగ్ పాట్ వేయాలని ఉంటుంది. జిమ్మీ వాళ్ళు వేయాలనుకున్న షాట్లే వాళ్ళకంటే వందరెట్లు బాగా వేశాడు. ఏడు ప్రపంచ టైటిళ్ళు గెలిచిన రానీ కూడా చిన్నప్పుడు జిమ్మీని చూసే పెరిగాడు. తన ఆరాధ్య ఆటగాడు ఆయనే అని చాలాసార్లు చెప్పాడు.

ఇదంతా బావగారికి విరామంలో చెప్పలేకపోయాను. సమోసాలు దొరుకుతాయా అని ఆయన చూస్తున్నారు. దొరకలేదు.

ఆట రెండో సగం నాకు ఫ్రేమ్ ఫ్రేముగా గుర్తులేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊపిరి బిగబట్టి చూశాను. ఒక దశలో ఎవరైనా గెలవవచ్చు అన్నట్టు ఉంది. చివరికి 5-3. జిమ్మీ గెలిచాడు. సీనియర్స్ ప్రపంచ టైటిల్ ఆయనకి అది నాలుగోసారి. మొదటిది 2010లో బ్రాడ్‌ఫర్డ్‌లో స్టీవ్ డేవిస్ మీద. తర్వాత 2019, 2020ల్లో క్రూసిబుల్‌లోనే గెలిచాడు. 2020లో అయితే కెన్ డోహర్టీ మీద 0-4తో వెనుకబడి, వరుసగా ఐదు ఫ్రేములు గెలిచాడు. 2021, 2022 ఫైనల్స్‌లో ఓడాడు. అందుకే ఈసారి గెలుపుకి జనం అంత విలువ ఇచ్చారు.

ఆయన కప్పు ఎత్తినప్పుడు రాదరమ్ పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు. నా పరిస్థితి కూడా అదే. సరిగ్గా ఆ నేల మీదే ఆరుసార్లు ఇంకొకరు కప్పు ఎత్తుతుంటే ఆయన పక్కన నిలబడ్డాడు. అయితే ఒక మాట. ఈ కప్పుతో ఆ లెక్క సరిపోయిందని అనేవాళ్ళతో నేను ఏకీభవించను. అసలు ప్రపంచ టైటిల్ వేరు, ఇది వేరు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసింది జిమ్మీకే. నన్ను కదిలించింది వేరే విషయం. 61 ఏళ్ళప్పుడు కూడా రోజూ ప్రాక్టీస్ చేసి, చిన్న హాళ్ళలో కుర్రాళ్ళ చేతిలో ఓడిపోయి, మళ్ళీ వచ్చి, ఇంకా బంతిని అంత అందంగా కొట్టాలని ఆయనకి ఉంది. 2022లో 60 ఏళ్ళప్పుడు క్వాలిఫయర్స్ అన్నీ గెలిచి యూకే చాంపియన్‌షిప్ ప్రధాన డ్రాకి చేరుకున్నాడు. యార్క్‌లో ర్యాన్ డే చేతిలో ఓడాడు, అది వేరే సంగతి. ఆ వయసులో అక్కడిదాకా రావడమే పెద్ద విషయం.

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నాకు ఈ ఆట మీద ఇష్టం ఉండేది గానీ, దాని చుట్టూ ఉండే జనం గురించి తెలియదు. అమీర్‌పేటలో ఒక పార్లర్‌లో గంటకి ఇంత అని కట్టి ఆడుకునేవాళ్ళం. 2016 జూలైలో ఇండియన్ ఓపెన్ హైదరాబాద్‌లో హెచ్ఐసీసీలో జరిగింది. పెద్ద ఆటగాళ్ళు మన ఊరికి వచ్చారు. ఫైనల్లో ఆంథనీ మెగిల్ 5-2తో కైరెన్ విల్సన్‌ని ఓడించాడు. మరుసటి ఏడాది అదే పోటీ విశాఖపట్నంలో జరిగితే, మెగిల్‌ని 5-1తో ఓడించి జాన్ హిగ్గిన్స్ గెలిచాడు. ఆ విల్సనే 2024లో క్రూసిబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అంటే మన దగ్గరికి వచ్చినవాళ్ళు తక్కువవాళ్ళు కాదు. కానీ మనకి వాళ్ళ కథలు తెలియవు. కథ తెలియకుండా ఆట చూస్తే బంతులు జేబుల్లో పడటమే కనిపిస్తుంది. 1875లో జబల్‌పూర్‌లో సైనికాధికారుల మెస్‌లో మొదలైన ఆట ఇది. పంకజ్ అద్వానీ లాంటి అమెచ్యూర్ ప్రపంచ చాంపియన్ మనకి ఉన్నాడు. మన పార్లర్లలో ఆడే కుర్రాళ్ళకి ఈ పేర్లు, ఈ ఆటలు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలని నాకు గట్టిగా ఉంది.

తిరుగు రైల్లో బావగారు 1994 చివరి ఫ్రేమ్ వీడియో అడిగారు. ఫోన్లో పెట్టి ఇచ్చాను. నల్ల బంతి తప్పే చోటికి వచ్చేసరికి, ఫలితం తెలిసి కూడా, ‘అయ్యో’ అని గట్టిగా అన్నారు. ఎదురు సీటువాళ్ళు చూశారు. ఇంటికి వచ్చాక అక్కకి మొత్తం ఆట ఆయనే వివరించారు, నన్ను మాట్లాడనివ్వలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి చివరిగా ఇంకొన్ని వివరాలు. ర్యాంకింగ్‌లో కింద ఉన్నా, జిమ్మీ లాంటి పెద్దవాళ్ళకి నిర్వాహకులు టూర్‌లో ఆడటానికి ప్రత్యేక ఆహ్వానం ఇస్తూ వచ్చారు. అది ఏ ఏడాది వరకు ఉందో, ఆ ఏడాది డ్రాలో ఆయన పేరు ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే ఏప్రిల్ క్వాలిఫయర్స్‌కి వెళ్ళండి. ఆఫీసుకి ఒక రోజు సెలవు పెట్టాల్సి రావచ్చు, ఆటలు మామూలు పనిదినాల్లో కూడా ఉంటాయి. పిల్లల్ని తీసుకెళ్తే ముందే చెప్పండి, ఫ్రేమ్ మధ్యలో మాట్లాడకూడదని. జిమ్మీ టేబుల్ దగ్గర సీట్లు ముందుగా నిండుతాయి కాబట్టి తలుపులు తీసే వేళకే అక్కడ ఉండండి. లోపల తినడానికి పెద్దగా ఏమీ దొరకదు. పులిహోర కట్టుకుని వెళ్ళినా, బయట ట్రామ్ స్టాప్ దగ్గర కూర్చుని తిని రావాల్సిందే.